వీపు మీద ఏడు కిలోలు

ముప్పై నాలుగేళ్ళు రైల్వే లగేజీ ఆఫీసులో జనం సామాను తూచి బతికినవాణ్ణి నేను. పెట్టెను ఒక్కసారి చేత్తో పైకెత్తితే చాలు, పిసరంత అటూ ఇటూగా బరువు చెప్పేసేవాణ్ణి. కాటా మీద పెట్టి చూసి కూలీలు నవ్వుకునేవాళ్ళు. అలాంటివాణ్ణి, ఇంట్లో మనిషి కళ్ళ సంగతి కనిపెట్టలేకపోయాను.

కనిపెట్టలేకపోయాననడం కూడా అబద్ధమే. రోజూ కనిపెడుతూనే ఉన్నాను. అన్నపూర్ణ తలుపుకి భుజం కొట్టుకుంటే "కళ్ళు కనబడట్లేదా?" అనేవాణ్ణి. మోచెయ్యి తగిలి మంచినీళ్ళ గ్లాసు దొర్లితే "కళ్ళు కనబడట్లేదా?" అనేవాణ్ణి. చిక్కడపల్లి మార్కెట్లో ఎడమ పక్క నుంచి వచ్చే సైకిలుకి అడ్డం వెళితే, కూరగాయల వాళ్ళందరూ వినేలా అదే మాట అరిచాను. అశోక్ నగర్‌లోని మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎంత వాడుకో ఆ మాట కూడా అంత వాడుక. ఆ ప్రశ్నకి ఏ ఇంట్లోనూ ఎవరూ జవాబు చెప్పరు. అది తిట్టే కాని ప్రశ్న కాదు కదా. అన్నపూర్ణ కూడా చెప్పలేదు. ఐదేళ్ళపాటు నేను అడుగుతూనే ఉన్నాను, తను ఊరుకుంటూనే ఉంది.

2011 ఆగస్టులో కళ్ళజోడు మార్పించుకుందామని వెళ్ళాం. డాక్టరు ఆమెను పెద్ద గిన్నెలాంటి యంత్రం ముందు కూచోబెట్టి, దీపం చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. అరగంట తర్వాత అచ్చయి వచ్చిన కాగితంలో మధ్యన పావలా బిళ్ళంత తెలుపు, చుట్టూ నలుపు ఉన్నాయి.

"నీటికాసులు" అన్నాడు డాక్టరు. "నొప్పి ఉండదు, తెలియకుండా పక్కచూపు తినేస్తుంది. పోయింది ఇక రాదమ్మా. ఉన్నదాన్ని రోజూ చుక్కల మందుతో కాపాడుకోవాలి. రెండేళ్ళు నిలవచ్చు, పదేళ్ళు నిలవచ్చు, చెప్పలేను." తర్వాత మామూలుగా అడిగాడు. "గుమ్మాలకి కొట్టుకోవడం, వస్తువులు తన్నుకోవడం ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

అన్నపూర్ణ నావైపు తల తిప్పలేదు.

"లేదండీ" అంది.

ఆ అబద్ధం నా కోసం ఆడింది. సిగ్గుతో చచ్చిపోయాను. నలుగురిలో నా చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ రోజు మొదలు మా ఇంట్లో ఆ మాట ఆగిపోయింది. అదొక్కటే కాదు, నేను ఆమెను ఏమీ అనడం మానేశాను. చారులో ఉప్పు ఎక్కువైనా తిన్నాను. రోజూ సాయంత్రం ఏడింటి వార్తల వేళకి ఆమెను పడుకోబెట్టి, కళ్ళల్లో చుక్కలు నేనే వేసేవాణ్ణి. కొంతైనా పాపం తీరుతుందనుకున్నాను.

నెల తిరక్కుండానే అన్నం తింటూ చెప్పింది.

"దేశాలు చూడ్డానికి వెళ్తానండీ. నాలుగు నెలలు."

అన్నపూర్ణ ముప్పై ఒక్కేళ్ళు నారాయణగూడలో ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పింది. గ్లోబు మీద భూమధ్యరేఖను వేలితో ఎన్ని వేలసార్లు చూపించిందో లెక్క లేదు. తను మాత్రం తిరుపతి దాటి వెళ్ళలేదు. ఆ రేఖ మీద ఒక్కసారి నిలబడాలట. బ్యాంకాక్ దాకా విమానం, అక్కణ్ణుంచి మెకాంగ్ నది మీద పడవ, తర్వాత రాతిగుళ్ళు, అగ్నిపర్వతం. ఆఖరున బోర్నియోలో సరిగ్గా భూమధ్యరేఖ మీదే ఒక ఊరుందట, అక్కడితో సరి. తోడు కమలాకుమారి. ఆ బడిలోనే ఆటల టీచరుగా చేసి రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు, రెండు మూడు దేశాలు చూసొచ్చిన ఘటం.

"చూపున్నప్పుడే చూడాలి కదా" అంది అన్నపూర్ణ, మజ్జిగ పోస్తూ.

"నేనూ వస్తాను."

"వద్దండీ. మీరొస్తే ఇల్లొస్తుంది."

అది నిజమే. తిరుపతికి మూడు రోజులు వెళితే మా వెంట పదకొండు శాల్తీలు ఉండేవి. హోల్డాలు, గాలిదిండు, గొలుసు, తాళం, మూత బిగించే మరచెంబు, మందుల డబ్బా, ఒకవేళ చలేస్తే అని రెండు శాలువాలు. అయినా ఆమె నవ్వుతూ అనలేదు. నన్ను వద్దనడానికి సామాను సాకు అనుకున్నాను. ఇంకొకటి కూడా గమనించాను. పాల ప్యాకెట్టుకి సందు చివరికి వెళ్ళేవాడు కూడా 'వెళ్ళొస్తాను' అంటాడు. నాలుగు నెలలు పోయే మనిషి ఎన్నిసార్లు మాట్లాడినా 'వెళ్తాను' అనే అంటోంది. నన్ను క్షమించలేదని, క్షమించకుండానే వెళ్ళిపోతుందని నాకు భయం పట్టుకుంది. వెళ్ళి తిరిగొచ్చినా నాతో ఇలాగే, మర్యాదగా, పరాయి మనిషిలా ఉండిపోతుందేమోనని ఇంకా పెద్ద భయం. అడిగే ధైర్యం మాత్రం లేదు.

సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూశారు, బళ్ళు మూశారు, కొద్దిరోజులకి బస్సులు కూడా ఆగాయి. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మా మేడ మీది గదిలో రోజా అనే అమ్మాయి కిరాయికి ఉండేది. జనగాం దగ్గర పల్లెటూరు, గ్రూప్ పరీక్షలకి చదువుతోంది. కోచింగులు కూడా బందయ్యాయి కాబట్టి పొద్దున ధర్నాకి పోయి, మధ్యాహ్నం మా ఇంటికొచ్చి అన్నపూర్ణ దగ్గర భూగోళం పాఠం చెప్పించుకునేది.

"మీ సమ్మె పుణ్యమా అని ఫ్యాను కూడా తిరగట్లేదే" అనేవాణ్ణి.

"సమ్మె మాది, చెమట మనందరిది అంకుల్" అనేది. మావాళ్ళు మా నాన్న కాలంలోనే తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. బయట ఎన్ని మాటలు నడిచినా, ఆ పిల్ల మా ఇంట్లో కాఫీ తాగడం మానలేదు. నేను ఆ పిల్లను ఆటపట్టించడమూ మానలేదు.

కమలాకుమారి ఒక్కటే షరతు పెట్టింది. మనిషికొక సంచి. ఏడు కిలోలు. వీపుకి తగిలించుకునేది. చేతిలో ఏమీ ఉండకూడదు.

"నాలుగు నెలలకి ఏడు కిలోలా? దసరాకి పుట్టింటికెళ్ళే ఆడపిల్ల ఇంతకన్నా ఎక్కువ మోస్తుంది" అన్నాను.

"పక్కన పెట్టిన సామాను నాకు కనబడదండీ" అంది అన్నపూర్ణ, బడిలో పాఠం చెప్పినంత శాంతంగా. "వీపు మీదుంటే చూసుకోనక్కర్లేదు. చేతులు ఖాళీగా ఉంటే మెట్ల దగ్గర పట్టుకోవచ్చు."

బస్సులు లేవు కాబట్టి సంచి కొనడానికి సుల్తాన్ బజార్ దాకా నడిచే వెళ్ళాం, రోజా కూడా వచ్చింది. షాపులు సగం తెరిచి సగం మూసి ఉన్నాయి. దారి పొడవునా నేను అన్నపూర్ణ ఎడమ పక్కనే నడిచాను. ఆటో వస్తే చెయ్యి పట్టుకుని లాగాను. గుంత వస్తే గుంత అన్నాను, గుంత దాటాక గుంత దాటింది అన్నాను. ఆమె నారాయణగూడ చౌరస్తా దగ్గర చెయ్యి విడిపించుకుని రోజా పక్కకి వెళ్ళి నడిచింది. సంచులమ్మే అతను నీలం రంగు సంచి దించి, "కాలేజీ పాపకా అమ్మా?" అని అడిగాడు. "నాకే" అంది. రెండు పట్టీలూ తగిలించుకుని కొట్లో అద్దం ముందు నిలబడింది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి బడికి వెళ్ళే పిల్లలా కనబడింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్కన నిలబడ్డ నేను ఆమెకు కనబడను కాబట్టి తుడుచుకోనక్కర్లేదని గుర్తొచ్చి, ఇంకా ఏడుపొచ్చింది.

సంచి సర్దడంలో రోజా గురువు, పంతులమ్మ శిష్యురాలు.

"టీచర్, నేను మా ఊరి నుంచి ఈడికొచ్చినప్పుడు ఒక్క సంచితోని వచ్చిన. రెండేండ్లాయె. ఏం తక్కువైంది? మూడు జతలు సాలు. ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరేసింది, ఒకటి సంచిల. దినాం వాడేదే పెట్టాలె. ఒకవేళ అనుకుంట పెట్టేది ఏదీ పెట్టొద్దు."

నా బతుకంతా ఒకవేళ మీదే నడిచింది. చీరలు పోయి మూడు చుడీదార్లు వచ్చాయి. దువ్వెన సగానికి విరిచారు. అద్దం వద్దన్నారు. దేవుడి పటం చేతిలోకి తీసుకుని అన్నపూర్ణ కాసేపు ఆలోచించి, "ఆయన అక్కడ కూడా ఉంటాడులే" అని మళ్ళీ గూట్లో పెట్టేసింది. చుక్కల మందు ఐదు సీసాలు మాత్రం గుడ్డలో చుట్టి లోపలి అరలో పెట్టింది. ఆ సీసాలు చూసినప్పుడు నాకు ఒక ఆశ కలిగింది. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గాని చెబుతాను. ఆమెకు తన కళ్ళల్లో తాను చుక్క వేసుకోవడం రాదు. ప్రయత్నిస్తే బుగ్గ మీద పడుతుంది, కనుబొమ్మ మీద పడుతుంది. కమలాకుమారి చెయ్యి మోటు. ఈ ఒక్కదానికోసమైనా నన్ను రమ్మంటుందనుకున్నాను.

ఈలోపు ఊరుకోలేక, ఆమె వంటింట్లో ఉన్నప్పుడల్లా సంచిలోకి ఒక్కొక్కటీ దూర్చేవాణ్ణి.

తూకం బుగ్గయ్య కొట్లో. మా సందు చివర పాత పేపర్లు, పాత పుస్తకాలు కొనే దుకాణం అతనిది. పరీక్షల్లో నెగ్గినవాళ్ళూ, ఆశ వదిలేసుకున్నవాళ్ళూ పుస్తకాలన్నీ అతనికే అమ్ముతారు. తక్కెడలో ఒక పక్క ఐదు కిలోల రాయి, రెండు కిలోల రాయి పెట్టి, రెండో పక్క నీలం సంచి పెట్టాడు. సంచి ఉన్న పక్క దబ్బున కిందికి దిగింది.

"బరువు జాస్తి ఉన్నది టీచరమ్మా" అన్నాడు బుగ్గయ్య. "ఇంకో రెండు కిలోలు ఏస్తెగాని లేవది."

"నిన్న నేనే సర్దిన. ఏడు కూడ లేకుండె!" అని రోజా సంచి విప్పింది. నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. నైలాను తాడు వచ్చింది. గొలుసు, తాళం వచ్చాయి. టార్చిలైటు వచ్చింది. కొబ్బరినూనె సీసా, ఒక శాలువా. అన్నిటికన్నా అడుగు నుంచి మరచెంబు.

"అంకుల్, గిది ఏంది?"

"మరచెంబు."

"ఎందుకు?"

"ఒకవేళ నీళ్ళు దొరక్కపోతే…"

"నీళ్ళు దొరకని దేశానికి పోతలేరు టీచర్. నది మీదనే పోతున్నరు!"

పాత పుస్తకాలు ఏరుకుంటున్న కుర్రాళ్ళు నవ్వారు. బుగ్గయ్య నవ్వలేదు. "కోపం జెయ్యకుండ్రి టీచరమ్మా. సారుకు ఎట్ల జెప్పాల్నో తెల్వక సంచిల పెట్టిండు" అన్నాడు. పాత కాగితాలు తూచేవాడికున్నపాటి తెలివి నాకు లేకపోయింది.

ఇంటికొచ్చాక, రోజా మేడెక్కిన తర్వాత, అన్నపూర్ణ వరండాలో కూచుంది. నేను మరచెంబు పట్టుకుని నిలబడే ఉన్నాను.

"నామీద కోపం ఉంటే తిట్టు" అన్నాను. "డాక్టరు దగ్గర నన్నెందుకు వెనకేసుకొచ్చావు?"

"తిట్టి ఏం చెయ్యను? నాకే తెలియని జబ్బు మీకెలా తెలుస్తుంది?"

"తెలిసింది. రోజూ నోటితో అన్నాను."

వీధిలో సమ్మె వాళ్ళ ర్యాలీ డప్పులతో వెళుతోంది, అది దాటేదాకా ఆమె ఆగింది.

"ఈ నెలన్నరగా మీరు నాతో ఎలా ఉంటున్నారో మీకు తెలుసా? చారులో నేను ఉప్పు రెండుసార్లు వేస్తే లొట్టలేసుకుంటూ తింటున్నారు. నేను గడప తన్నుకుంటే మీరెళ్ళి గడపకి దణ్ణం పెట్టేట్టున్నారు. జబ్బు నా కంట్లో ఉందండీ. మీరు నన్నంతా జబ్బు చేసేశారు. చూపు పోకముందే ఈ ఇంట్లోంచి నేను పోయినట్టుంది. అందుకే మిమ్మల్ని వద్దన్నాను. మీతో వస్తే నేను రోగిష్టిదాన్ని. కమలతో వెళితే టీచర్ని."

నేను చెంబు కింద పెట్టాను. తప్పు చేశాననుకున్నాను గాని, రెండు తప్పులు చేశానని అప్పుడు తెలిసింది. మొదటిది తిట్టడం, రెండోది మానెయ్యడం. మొదటి దానికి మందు లేదు. రెండోదానికి ఏం చెయ్యాలో తోచలేదు, పనిగట్టుకుని తిట్టడం కూడా చేతకాదు కదా.

దసరాకి ముందు రోజుల్లో రోజా, ఆ సందులోని హాస్టలు పిల్లలూ కలిసి పూలతో బతుకమ్మ పేర్చారు. సాయంత్రం మా వాకిట్లోనే పెట్టి చుట్టూ తిరిగి ఆడారు. అన్నపూర్ణ గేటు పట్టుకుని కదలకుండా చూస్తూ నిలబడింది.

"ఎంతమంది ఉన్నారండీ?" అని అడిగింది.

"ఇరవై మంది దాకా."

"నాకు ఒక్కొక్కళ్ళే వస్తున్నారు. ఒక పిల్ల మొహం వచ్చి వెళ్ళాక ఇంకో మొహం వస్తోంది." ఆగి, "బాగుంది, ఎవర్నీ తొందరపడి చూడక్కర్లేదు" అంది.

ఆ మాట విన్నాక నాలో ఏదో మెత్తబడింది. ఆమె భయపడటం లేదు. భయమంతా నాదే. ఆమెకు చుక్కలు వేసుకోవడం రాకూడదని కోరుకుంటున్న మొగుణ్ణి నేను. ఛీ అనిపించింది.

ఏడింటికి వార్తలు మొదలయ్యాయి. ఆమె అలవాటుగా మంచం మీద పడుకుంది. నేను సీసా ఆమె చేతిలో పెట్టాను.

"కళ్ళు తెరిచి వేసుకోవాలని చూస్తున్నావు, అందుకే బెదురుతోంది. మూసుకో. ముక్కు పక్కనున్న మూలలో చుక్క వెయ్యి. వేశాక కన్ను తెరువు. అదే లోపలికి దిగుతుంది."

మొదటిది ముక్కు మీదుగా జారింది. రెండోది కణత వైపు పోయింది. మూడోది మూలలో నిలిచింది. కన్ను తెరిచింది. రెప్పలు రెండుసార్లు కొట్టి, "చల్లగా దిగింది" అంది.

"రెండో కన్ను."

రెండో కంటికి మొదటి చుక్కే సరిగ్గా పడింది. నేను టీవీ వైపు తిరిగి కూచున్నాను. సమ్మె ఇరవై ఎన్నో రోజని చెబుతున్నారు. ఆ రోజు తర్వాత ఆమె కళ్ళల్లో నేను మందు వెయ్యలేదు. ఏడయ్యేసరికి చేతులు ఊరుకునేవి కావు, చంకలో పెట్టుకుని కూచునేవాణ్ణి.

దీపావళికి రెండు రోజుల ముందు సమ్మె ఆగింది. పండగ వెళ్ళిన రెండో రోజు పొద్దున విమానం. వాకిట్లో టపాకాయల కాగితాలు ఇంకా ఊడవలేదు. కమలాకుమారి అద్దె కారులో వచ్చి, లోపల్నుంచే "అన్నయ్య గారూ, టైమైంది" అని కేకేసింది. నేను ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాను. సంచిని చేత్తో ఒకసారి పైకెత్తి చూశాను. ఏడు కిలోలకి ఓ వంద గ్రాములు తక్కువుంది. ఆ వంద గ్రాములకి సరిపడా ఏదైనా పెట్టాలని చెయ్యి లాగింది గాని పెట్టలేదు. సంచిని ఆమె వీపుకి ఎత్తి పట్టీలు సరిచేశాను.

రోజా వంటింట్లోంచి కాఫీ తెచ్చి నాకిచ్చింది. గ్లాసు పట్టుకుని అన్నపూర్ణ పక్కనే నిలబడ్డాను. ఏ పక్కన నిలబడ్డానో చూసుకోలేదు. ఏం మాట్లాడాలో తెలియక, పాస్‌పోర్టు ఉందా అని మూడోసారి అడిగాను. ఉందని చెబుతూ ఆమె రోజా వైపు గబుక్కున తిరిగింది. ఏడు కిలోల సంచి గిర్రున తిరిగొచ్చి నా చేతికి తగిలింది. వేడి కాఫీ మొత్తం చొక్కా మీద.

"అబ్బా! కళ్ళు కనబడట్లేదా?"

అనేశాను. ఐదేళ్ళ అలవాటు, రెండు నెలలు గొంతులో నొక్కిపెట్టింది, వీధంతా వినేలా బయటికొచ్చింది. రోజా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కారులో కమలాకుమారి తల బయటికి పెట్టింది. ఆమె వెళ్ళే గడియలో నా నోట్లోంచి రావాల్సిన మాట అదా?

అన్నపూర్ణ నెమ్మదిగా తిరిగింది. నా మొహం తన చూపు మధ్యలోకి వచ్చేదాకా తిరిగి, ఆగింది.

"కనబడట్లేదండీ" అంది. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆ ప్రశ్నకి మొదటిసారి జవాబు చెప్పింది. పెదవులు వణుకుతున్నాయి, నవ్వో ఏడుపో నాకు అర్థం కాలేదు. తర్వాత నవ్వే అని తెలిసింది. "ఆ పక్క బొత్తిగా కనబడట్లేదు. తెలిసీ అక్కడ నిలబడ్డారు. కాస్త ఇటు జరగండి."

జరిగాను. ఆమె కొంగు కోసం భుజం మీద చెయ్యి వేసుకుంది. కొంగు లేదు, చుడీదార్ కదా. చున్నీ అంచుతో నా చొక్కా మీద కాఫీ రెండుసార్లు అద్దింది. తర్వాత పట్టీలు సర్దుకుని గేటు దాటింది. చేతులు రెండూ ఖాళీగా, కారు తలుపు తడుముకుని పట్టుకుంది.

"వెళ్ళొస్తానండీ" అంది.

కారు చిక్కడపల్లి వైపు తిరిగి కనబడకుండా పోయింది. "అంకుల్, అంగీ మార్చుకోండ్రి, మరక పడ్తది" అంది రోజా. ఆ రోజు పొద్దుగూకేదాకా చొక్కా మార్చుకోలేదు.